ఇంట్లో ఎలుకలు కాపురం పెడితే: మందు కొనకముందే చేయాల్సిన పనులు

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళలో ఎలుకల పోరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలకి సైడు కాలువలు పొంగితే బొరియల్లోకి నీళ్ళు చేరతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే చెనిక్కాయ చేలు పెరికేస్తారు. చేలో తిండి అయిపోతుంది, అదే తిండి మూటలకెక్కి మన వరండాల్లోకి వస్తుంది. దాని వెనకాలే ఎలుకా వస్తుంది.

రాత్రి అటక మీద గీకుడు వినపడితే చాలామంది తెల్లారగానే అంగడికి పోయి మందు తెస్తారు. దయచేసి ఆ పని మొదట చేయకండి. ఎలుక పిల్లల్ని మోసేది మూడు వారాలే. ఈతకి 5 నుంచి 8 పిల్లలు పెడుతుంది. చిట్టెలుక పిల్లైతే పుట్టిన 6 వారాలకే మళ్ళీ చూలు కట్టే వయసుకొస్తుంది. దారి తెరిచి ఉండి, తిండి దొరుకుతున్నంత కాలం నాలుగు చచ్చిన చోటికి ఇంకో నాలుగు వస్తాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు కనిపెట్టాలి, తర్వాత తిండి ఆపాలి, దారులు మూయాలి, బోను పెట్టాలి, చివరికి కడగాలి. ఇవన్నీ సరిగ్గా చేస్తే చాలా ఇళ్ళలో మందు దాకా పోవాల్సిన పనే పడదు.

వచ్చింది ఏదో తేల్చుకోండి

మనిళ్ళలో తిరిగేవి ముఖ్యంగా మూడు రకాలు. చిట్టెలుక పెంటికలు బియ్యపు గింజంత ఉండి, కొనలు సూదిగా ఉంటాయి. పెద్ద ఇంటి ఎలుకవి సెంటీమీటరుకి కాస్త పైనే ఉంటాయి. దాని తోక ఒంటికన్నా పొడుగు. గోడలు, పైపులు, కేబుల్ వైర్లు పట్టుకుని మిద్దె మీదికి, అటక మీదికి ఎక్కడంలో దానికి సాటి లేదు. మూడోది పందికొక్కు. ఇది ఎక్కేది కాదు, తవ్వేది. కాంపౌండు గోడ మొదట్లోనో, కాలువ పక్కనో, తులసికోట వెనకో తాజా మట్టి కుప్ప కనిపిస్తే అది పందికొక్కు పనే.

నాలుగోది ఒకటుంది, దాన్ని ఎలుకల లెక్కలో వేయకండి. మూతి పొడుగ్గా, కళ్ళు ఆవగింజల్లా ఉండి, గోడ వెంబడి కీచుమంటూ పరిగెత్తే చుంచు. ఘాటైన కంపు వదులుతుంది. అది తినేది బొద్దింకల్ని, పురుగుల్ని. మూటలు కొరకదు, వైర్లు తెంపదు. తలుపు తీసి చీపురుతో బయటికి తోలేస్తే చాలు.

ఎందుకింత వివరమంటే, చేసే పని జంతువుని బట్టి మారుతుంది. చిట్టెలుక గూడు నుంచి మహా అయితే 10 మీటర్ల లోపే తిరుగుతుంది. వంటింట్లో పెంటికలు కనిపిస్తే గూడు వంటింట్లోనో పక్క గదిలోనో ఉందన్నమాట. పెద్ద ఎలుక అలా కాదు. పక్కింటి దొడ్లో పడుకుని మీ ఇంటికి భోజనానికి వచ్చిపోగలదు.

గూడు, దారి కనిపెట్టండి

దీనికి మన దగ్గర మంచి సాధనం ముగ్గుపిండి. రాత్రి పడుకునే ముందు అనుమానమున్న చోట్ల గోడ వెంబడి పలచగా చల్లండి. స్టవ్ గట్టు కింద, బియ్యం మూట పక్కన, బాత్రూం గుమ్మం దగ్గర, మెట్ల కింద. పొద్దున్నే చూస్తే అడుగులు, తోక ఈడ్చిన గీత స్పష్టంగా పడి ఉంటాయి. ఎటు నుంచి వచ్చి ఎటు పోయాయో అవే చెబుతాయి. కన్నం కనిపించి, అది వాడుకలో ఉందో లేదో తెలియకపోతే కాగితం ఉండ చుట్టి అందులో కుక్కండి. మూడు రోజులైనా కదలకపోతే అది పాత దారి.

గోడ అంచుల్లో జిడ్డుగా, నల్లగా మరకలు చూడండి. ఎలుకకి చూపు తక్కువ, మీసాలతో గోడని తడుముకుంటూ రోజూ ఒకే దారిలో పోతుంది. ఒంటి జిడ్డు అంటుకుని ఆ గీత ఏర్పడుతుంది. అదే దాని రహదారి. బోను పెట్టాల్సిందీ అక్కడే.

గూడు వెతికేటప్పుడు వెచ్చదనం, చీకటి, మెత్తని గుడ్డలు ఎక్కడ కలుస్తాయో అక్కడ చూడండి. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్కన, వాషింగ్ మెషీన్ అడుగున, అటక మీది పాత బొంతల్లో, మంచం పెట్టెలో, కదలకుండా పెట్టిన స్కూటరు సీటు కింద, వాడని కూలర్‌లో. చీల్చిన కాగితాలు, దూది, గుడ్డపీలికలు కలిపిన ముద్ద కనిపిస్తే అదే గూడు. అందులో కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు ఉంటే వెంటనే చెయ్యి పెట్టి తీయకండి. తల్లి వాటిని ఒక్కొక్కటే నోట కరుచుకుని ఇంకో చోటికి మారుస్తుంది, మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ముందు ఆ పక్కనే బోను పెట్టి తల్లిని పట్టండి.

ఇదే చేత్తో రెండు చోట్లు తప్పకుండా చూడండి. ఒకటి గ్యాస్ ట్యూబు. ఎలుకల పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోడానికి ఏది దొరికినా కొరుకుతాయి. మామూలు రబ్బరు ట్యూబు ఉంటే ఈ రోజే మార్చి, లోపల ఉక్కు తీగ అల్లిక ఉండే నారింజ రంగు ట్యూబు గ్యాస్ ఏజెన్సీలో తీసుకోండి. రెండోది మీటరు బోర్డు. అక్కడ వైరు తొక్క ఊడి రాగి కనిపిస్తే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మీరు టేపు చుట్టకండి.

తిండి ఆపండి

చిట్టెలుకకి రోజుకి 3, 4 గ్రాముల తిండి చాలు. పొయ్యి వెనక పడ్డ నాలుగు పప్పుగింజలు, స్టవ్ కింద జారిన పోపు దానికి పూట గడుస్తుంది. అందుకని పైపైన ఊడవడం సరిపోదు. స్టవ్ ఎత్తి తుడవాలి.

బియ్యం, రాగులు, చెనిక్కాయలు, బెల్లం, ఏడాదికి సరిపడా కొనిపెట్టుకునే చింతపండు, ఇవన్నీ మూత గట్టిగా పడే స్టీలు డ్రమ్ముల్లోకి, తగరపు డబ్బాల్లోకి మారాలి. ప్లాస్టిక్ డబ్బా పెద్ద ఎలుకకి అడ్డం కాదు, ఒక్క రాత్రిలో మూల కొరికేస్తుంది. మూటలు డ్రమ్ముల్లో పట్టనన్ని ఉంటే బల్ల మీద పెట్టి, గోడకి అడుగు దూరం వదలండి. ఆ సందులో చీపురు తిరగాలి, టార్చి వెలుతురు పడాలి. ఆవులున్న ఇళ్ళలో తవుడు, చెనిక్కాయ చెక్క బస్తాలు కొట్టంలో నోరు తెరుచుకుని ఉంటాయి. ఎలుకలకి అంతకన్నా మంచి చోటు లేదు. ఇల్లంతా శుభ్రం చేసుకుని ఆ బస్తా వదిలేస్తే ఫలితం ఉండదు.

దేవుడి గది సంగతి విడిగా చెప్పాలి. పళ్ళెంలో కొట్టిన కొబ్బరి చిప్పలు, అరటిపళ్ళు, కొండ నుంచి తెచ్చిన లడ్డూ ప్రసాదం కవరు రాత్రంతా అక్కడే ఉంటాయి. నెయ్యి వాసన ఎంత దూరం పోతుందో మనకి తెలుసు. నైవేద్యం పూట దాటనీయకండి, మిగిలింది స్టీలు డబ్బాలో పెట్టేయండి. ఇంకో పెద్ద ప్రమాదం దీపం. నూనెలో తడిసిన వత్తిని ఎలుక తిండనుకుని లాక్కుపోతుంది. వెలుగుతున్న వత్తిని పరదాల కిందికో, బట్టల్లోకో ఈడ్చుకుపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎలుకలున్న ఇంట్లో అఖండ దీపం గాజు చిమ్నీ లేకుండా ఉంచకండి. రాత్రి పడుకునే ముందు మామూలు దీపాన్ని కొండెక్కించండి.

నీళ్ళ గురించి కూడా చూసుకోవాలి. పెద్ద ఎలుక నీళ్ళు లేకుండా ఎక్కువ రోజులు ఉండలేదు. కారే కుళాయి బాగు చేయించండి, కుక్క గిన్నె రాత్రి బోర్లించండి.

దారులు మూయండి

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడ. మిగతావన్నీ కలిపి పెట్టిన శ్రమంత దీనికే పెట్టినా తప్పులేదు.

కొలత గుర్తుపెట్టుకోండి. పెన్సిల్ దూరే సందు, అంటే 6 మిల్లీమీటర్లు, చిట్టెలుకకి చాలు. బొటనవేలు పట్టే కన్నం పెద్ద ఎలుకకి చాలు. తల పడితే ఒళ్ళు దానంతటదే పడుతుంది. జేబులో ఒక పెన్సిల్ వేసుకుని, పగలు ఒకసారి ఇంటి చుట్టూ, రాత్రి లైట్లు ఆర్పి లోపల ఒకసారి తిరగండి. రాత్రి ఒకరు బయట నిలబడి టార్చి వేస్తే లోపలున్నవాళ్ళకి ఏ సందులోంచి వెలుతురు వస్తుందో కనిపిస్తుంది.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఉన్నలాంటి పాత ఇళ్ళలో దూలాలు గోడలో కలిసే చోటు, మిద్దె నీళ్ళు పడే తూము, వంటింటి కాలువ గోడలోంచి బయటికి పోయే రంధ్రం, అరిగిపోయిన గుమ్మాల కింది సందు, ఇవి ముఖ్యం. కొత్త అపార్ట్‌మెంట్లలో ఏసీ పైపు కన్నం, వాషింగ్ మెషీన్ నీళ్ళ పైపు, బాత్రూం వెంటిలేటరు గాజుపలకల మధ్య సందు, ఎగ్జాస్ట్ ఫ్యాను, కేబుల్, ఇంటర్నెట్ వైర్ల కోసం కొట్టి వదిలేసిన రంధ్రాలు. అపార్ట్‌మెంటులో పైపులు దిగే సందులోనే ఎలుకలు అంతస్తులు ఎక్కుతాయి. మీ ఒక్క ఫ్లాటు మూసుకుంటే పక్క ఫ్లాటుకి పోతాయి. అసోసియేషన్‌లో మాట్లాడి అందరూ ఒకే వారంలో మూయించుకోవడం మంచిది.

దేంతో మూయాలి? గుడ్డ, అట్ట, థర్మోకోల్, ఎం-సీల్, స్ప్రే ఫోమ్, ఇవేవీ ఒంటరిగా నిలవవు, కొరికేస్తాయి. చిన్న కన్నానికి గిన్నెలు తోమే స్టీలు పీచు బిగించి కుక్కి, పైన సిమెంటు పూయండి. పీచు ఒక్కటే పెడితే తుప్పు పట్టి రాలిపోతుంది. పందికొక్కు బొరియకైతే సిమెంటులో పగిలిన గాజు పెంకులు, కంకర కలిపి లోతుగా నింపాలని మేస్త్రీలు చెబుతారు, అది పనికొచ్చే పద్ధతే. వెంటిలేటరుకి, తూముకి పావంగుళం కన్నా చిన్న కళ్ళున్న ఇనుప జాలీ కొట్టించండి. ప్లాస్టిక్ దోమతెర జాలీ ఎలుకని ఆపదు. తలుపు కింద అల్యూమినియం పట్టీ, చెక్క తలుపైతే మూలల్లో రేకు ముక్క. బాత్రూం నేల కాలువ మీది జాలీని మరతో బిగించే రకం పెట్టించండి. ఊరికే ఆనించిన జాలీని కింద నుంచి తలతో ఎత్తేస్తాయి.

అన్ని కన్నాలూ ఒకే రోజు మూసేయకండి. లోపల ఉన్నవి గోడలోనో అటక మీదో చచ్చి వారాల తరబడి కంపు కొడతాయి. మన జిల్లాల్లో యానాదులు పొలాల్లో ఎలుకలు పట్టే తీరు చూసినవాళ్ళకి ఇది తెలుసు. వాళ్ళు ముందు గట్టు చుట్టూ తిరిగి బొరియ నోళ్ళన్నీ వెతికి మూసేస్తారు. ఆ తర్వాతే ఒక నోటి దగ్గర కుండతో పొగ పెడతారు. పొగ కన్నా ముందు దారుల లెక్క తేల్చుకోవడంలోనే వాళ్ళ నైపుణ్యం ఉంది. ఇంట్లోనూ అంతే. వాడుకలో ఉన్న ముఖ్యమైన దారి ఒక్కటి వదిలి మిగతావన్నీ మూసి, ఆ ఒక్క దారి పక్కన బోన్లు పెట్టండి. ముగ్గుపిండిలో వరసగా నాలుగైదు రాత్రులు అడుగు పడకపోతే అప్పుడు దాన్నీ మూయండి.

బోను పెట్టే పద్ధతి

ఒక్క బోను తెచ్చి గది మధ్యలో పెడితే పడవు. బోను గోడకి ఆనాలి, ఎర ఉన్న వైపు గోడ వైపుకి తిరగాలి. చిట్టెలుకలకి రెండు మూడు మీటర్లకొకటి చొప్పున మొదటి రాత్రే ఎక్కువ పెట్టండి. మొదటి రెండు రాత్రుల్లోనే ఎక్కువ పడతాయి. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే బెదురు. దానికి బోను పెట్టి, స్ప్రింగు ఎక్కించకుండా మూడు నాలుగు రోజులు ఊరికే ఎర తిననివ్వండి. అలవాటు పడ్డాక ఎక్కించండి.

ఎరకి కాల్చిన కొబ్బరి ముక్క, మసాలా వడ ముక్క, దంచిన చెనిక్కాయలు బెల్లంతో కలిపిన ఉండ, మాంసం తినే ఇళ్ళలో ఎండుచేప. ఎర బఠాణీ గింజంత చాలు. పెద్ద ముక్క పెడితే అంచు కొరుక్కుని పోతుంది. ఊడి రాకుండా దారంతో కట్టండి. పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్నచోట స్ప్రింగు బోనుని మూత ఉన్న అట్టపెట్టెలో, రెండు వైపులా కన్నం చేసి పెట్టండి.

కాణిపాకం వినాయకుడి వాహనమని ఎలుకని చంపడానికి మనసొప్పని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ భావాన్ని నేను గౌరవిస్తాను. అలాంటివాళ్ళు తీగల బోను వాడండి, కానీ రోజుకి రెండుసార్లు చూడండి. అందులో ఆకలికి, ఎండకి చావనివ్వడం చంపడం కన్నా హీనం. వీధి చివర వదిలితే మర్నాటికి వచ్చేస్తుంది, ఇంకో వీధిలో వదిలితే అక్కడివాళ్ళ నెత్తిన పెట్టినట్టు. ఇళ్ళకి దూరంగా పొదలున్న చోట వదలాలి. చంపక తప్పదనుకునేవాళ్ళకి స్ప్రింగు బోను ఒక్క క్షణంలో ముగిస్తుంది. బక్కెట్‌లో ముంచడం, వేడినీళ్ళు పోయడం వద్దు. జిగురు అట్టలు అసలు కొనకండి. ఎలుక గంటల తరబడి అరుస్తూ ఉంటుంది, బల్లులు, ఉడతలు, పిచ్చుకలు కూడా అతుక్కుంటాయి.

చెవికి వినపడని శబ్దం చేసే ప్లగ్గు పరికరాలకి డబ్బు పెట్టకండి. కొద్ది రోజుల్లో ఎలుకలు ఆ శబ్దానికి అలవాటు పడిపోతాయి. కర్పూరం, కలరా ఉండలు కూడా అంతే.

మందు తప్పదనుకుంటే

ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం ముద్దని ఇంట్లోకి రానివ్వకండి. దానికి విరుగుడు లేదు. పొరపాటున నోట్లో పడితే ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. పక్కనున్న తమిళనాడు దాన్ని నిషేధించింది. బూడిద నలుపు పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కూడా అంతే ప్రమాదం, అది కడుపులో విషవాయువవుతుంది, దానికీ విరుగుడు లేదు. బజ్జీలోనో వడలోనో కలిపి మూలన పెట్టడం మన దగ్గర మామూలే. పసిపిల్లలున్న ఇంట్లో ఆ పని ఎన్నడూ చేయొద్దు.

వాడక తప్పకపోతే 0.005 శాతం బ్రోమాడియోలోన్ బిళ్ళలు, అవీ తాళం వేసే ఎరపెట్టెలో. రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకి చంపుతుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. ఐతే చచ్చిన ఎలుకని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా చావొచ్చు. ఎవరైనా ఏ మందు మింగినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఖాళీ ప్యాకెట్ చేతబట్టుకుని 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. లక్షణాలు కనిపించేదాకా ఆగకండి.

కడగడం

పెంటికల్ని పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ములో కలిసి ముక్కులోకి పోతాయి. ముందు కిటికీలు తెరిచి అరగంట ఆగండి. చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కుకి మాస్కు. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు చల్లి, ఐదు పది నిమిషాలు నాననిచ్చి, కాగితంతో తీసి రెండు కవర్లలో కట్టి పడేయండి. చచ్చిన ఎలుకనీ అలాగే. గూడు గుడ్డలు ఉతుక్కుని వాడదామనుకోకండి.

వాననీళ్ళు ఇంట్లోకి వచ్చిన రోజుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు కాలి పగుళ్ళలోంచి, గాయాల్లోంచి ఒంట్లోకి చేరితే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం దాని గుర్తులు. ఇంకొకటి స్క్రబ్ టైఫస్. మన రెండు జిల్లాలకీ ఇది కొత్త జబ్బు కాదు. ఎలుకల మీద బతికే నల్లి లాంటి చిన్న పురుగు పిల్ల పొదల్లోంచి మనిషిని కుడితే వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, చంకలో, గజ్జల్లో కూడా వెతకాలి. తొందరగా చూపిస్తే డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో తగ్గుతుంది. జ్వరంతో డాక్టరు దగ్గరికి పోతే ఇంట్లో ఎలుకలున్న సంగతి మీ అంతట మీరే చెప్పండి.

పెరట్లో కూడా కొంత పనుంది. శేషాచలం కొండ కింది కాలనీల్లో ఎలుకల వెనకే పాములు వస్తాయి. కట్టెల కుప్ప, పాత పెంకులు, ఇటుకలు గోడకి ఆనించి పెట్టకండి. గడ్డి గోడకి రెండడుగుల దూరం దాకా కొట్టేయండి. జెర్రిపోతు కనిపిస్తే కొట్టకండి, విషం లేదు, మీకన్నా బాగా ఎలుకల్ని పట్టేది అదే. కన్నంలో చెయ్యి మాత్రం ఎన్నడూ పెట్టకండి.

ఒకసారి వదిలిన ఇల్లు మళ్ళీ ఎలుకలపాలు కాకుండా ఉండాలంటే తనిఖీకి తారీఖులు కావాలి. తిరుమల గుడిలో ఏడాదికి నాలుగుసార్లు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం, అంటే గుడంతా కడిగి శుద్ధి చేసే కార్యం, చేస్తారు: ఉగాదికి ముందు, ఆణివార ఆస్థానానికి ముందు, బ్రహ్మోత్సవాలకి ముందు, వైకుంఠ ఏకాదశికి ముందు. ఆ నాలుగు వారాల్లో మీరూ ఫ్రిజ్ జరపండి, అటక దించండి, జాలీలు లాగి చూడండి, పెన్సిల్ పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. వీటిలో బ్రహ్మోత్సవాల ముందుది అసలు వదలొద్దు. వానలు దిగడానికి, చెనిక్కాయ మూటలు ఇంటికి రావడానికి అప్పటికి కొద్ది వారాలే ఉంటాయి.